ఆరు గజాల శూన్యం

నేను తత్వవేత్తనయింది పెనుకొండ కోట మీద, మే నెల మధ్యాహ్నం, నెత్తిన టోపీ కూడా లేకుండా. కూలిన గోడ మీద కూర్చుని మూడు గంటలు ఆకాశం వంక చూశాక, ఈ లోకంలో ఏదీ లేదని నాకు స్పష్టంగా తెలిసిపోయింది. హిందూపురంలో డాక్టరు దాన్ని వడదెబ్బ అన్నాడు. నేను మాత్రం దానికి 'శూన్యం' అని పేరు పెట్టి, ఆరు దుస్తుల కలెక్షన్‌గా మార్చి, బెంగళూరులో మా డిజైన్ కాలేజీ చివరి ప్రదర్శనకు ప్రతిపాదన పంపాను. నా ఖర్మ కొద్దీ వాళ్ళు ఒప్పుకున్నారు.

మా నాయన హరిప్రసాద్‌కి హిందూపురంలో చీరల అంగడి. నా ప్రతిపాదన నాలుగు పేజీలు. అందులో 'అస్తిత్వం' అనే మాట పదకొండు సార్లు వాడాను. నాయన కళ్ళద్దాలు తుడుచుకుని మొత్తం చదివాడు.

"అంతా బాగుండాది గానీ నవనీతా, ఏమీ లేదని చెప్పేదానికి ఇంత గుడ్డ ఎందుకప్పా?"

"అది మీకు అర్థం కాదులే నాయనా."

"సరే, దీన్ని ఎవురు కట్టుకుంటారు?"

"కట్టుకునేదానికి కాదు. ఆలోచించేదానికి."

ఆయన మా అమ్మ వైపు తిరిగి, "వీన్ని ఇంగోసారి డాక్టరుకు చూపీయల్ల" అన్నాడు.

నేను పట్టించుకోలేదు. అప్పటికే ఐదు దుస్తులు కుట్టేశాను. ఒకటి 'అహం లేని చొక్కా'. దానికి చేతులు పెట్టుకునే సందు ఉండదు. తొడిగి చూద్దామని నేనే దూరి, బయటికి రాలేక అరిస్తే అమ్మ వచ్చి వెనక కుట్లు విప్పింది. ఇక ఆరోది, కలెక్షన్‌కే ప్రాణం లాంటిది, పట్టుచీర. దాన్ని ధర్మవరంలో నేయించాలి. ప్రదర్శనకు పదమూడు రోజులుంది.

ధర్మవరంలో నాయనకు తెలిసిన ఇల్లు ఒకటుంది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఇద్దరే మగ్గం నడుపుతారు. కోడలు చౌడేశ్వరి నేస్తుంది. భర్త హనుమంతు మగ్గం వదిలేసి పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోతాడు. అత్త కుళ్ళాయమ్మకు డెబ్భై దాటాయి. నేను తెచ్చిన తెల్లటి పట్టు పడుగును, అంటే చీరకు నిలువుగా పోయే పోగుల చుట్టను, మంచం మీద పెట్టి, గొంతు సవరించుకుని, చీర ఎలా ఉండాలో చెప్పాను. అంచు ఉండదు, కొంగు ఉండదు, బుటా ఉండదు, జరీ ఉండదు, రంగు ఉండదు.

"మరి ఏముండాది?" అంది చౌడేశ్వరి.

"శూన్యం."

"ఎన్ని గజాలు?"

"ఆరు."

"రవిక గుడ్డ కూడా అదేనా?"

అవునన్నాను. ఆమెకు నా తత్వమంతా అంతటితో అర్థమైపోయింది. మర్నాడు పొద్దున రమ్మంది.

మర్నాడు నేను వెళ్ళేసరికి కుళ్ళాయమ్మ రేషన్ షాపుకు పోయింది. చౌడేశ్వరి నాకు టీ పెట్టడానికి లోపలికి పోయింది. మగ్గం దగ్గర నేనొక్కణ్ణే. మూడు తరాలుగా చీరలమ్ముకుని బతికిన ఇంట్లో పుట్టి, మగ్గాన్ని అంత దగ్గర్నుంచి చూడటం నాకదే మొదటిసారి. కాలేజీలో మగ్గం పాఠం చెప్పిన వారమంతా నేను గోవాలో ఉన్నాను, బట్టల్లో స్వేచ్ఛ అనే విషయం మీద పరిశోధన చేస్తూ.

అంతకుముందు నేసిన ఎర్రచీరను కోసి తీసేశారు. దాని పడుగు కొసలు మాత్రం మూరెడు పొడవున మగ్గంలోనే వేలాడుతున్నాయి. దువ్వెన లాంటి అచ్చు పళ్ళ సందుల్లోంచి, దాని వెనక సూదిబెజ్జాల్లాంటి దారపు కళ్ళల్లోంచి, ఎర్రటి పోగులు నాలుగు వేల పైచిలుకు. నాకు ఒళ్ళు మండింది. శూన్యం నేయాల్సిన మగ్గంలో ఈ పాత చెత్త ఏమిటి? సున్నా నుంచి మొదలవ్వాలి కదా! ఫోను స్టాండుకు పెట్టి వీడియో ఆన్ చేశాను. తోలు సంచిలోంచి నా కత్తెర తీశాను. డిజైనరన్నవాడి దగ్గర కత్తెర ఉండి తీరాలని నా నమ్మకం. ముందు కొసల ముడులు కోసేసి, వెనక నుంచి గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా లాగి పారేశాను. కెమెరా వంక చూసి, "గతాన్ని వదిలితేనే ఆరంభం" అని కూడా అన్నాను. ఆ వీడియో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. ఎప్పుడైనా నా మీద నాకు గౌరవం పెరుగుతున్నట్టనిపిస్తే పెట్టుకుని చూస్తాను.

టీ గ్లాసుతో వచ్చిన చౌడేశ్వరి గడపలోనే ఆగిపోయింది.

"ఏం చేసినావప్పా?"

"శుభ్రం చేశానక్కా."

"నీ చేతులిరిగిపోనూ! కత్తెర పట్టుకోమని నీకెవురు చెప్పినారు? పాత పోగులకు కదా కొత్త పోగులు అతికేది! ఒగొగటి ముడేసి లాగితే అన్నీ వాటంతటవే అచ్చులో నుంచి వస్తాయి. ఇప్పుడు నాలుగు వేల పోగులు ఎవురు ఎక్కిస్తారు, మీ నాయనా?"

టీ నాకివ్వలేదు. గ్లాసు కిటికీలో పెట్టి, మగ్గం పక్కన కూలబడింది. అంతలో కుళ్ళాయమ్మ బియ్యం సంచితో వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. ఖాళీ అచ్చును వేలితో ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తడిమింది.

"ఇది మా ఇంటాయన ఎక్కించినాడప్పా" అంది. "ఎక్కించిన నెలకే పోయినాడు. ఆరేండ్లాయె. ఆయన పోగు కొసకు నేనొక పోగు అతికినా, దాని కొసకు ఇంగొగటి. ఎన్ని చీరలు కోసినా ఆ కొస మాత్రం ఎప్పుడూ తెగనీలే." "ఆ ఎర్రపోగులు యాడేసినావు?" అని అడిగింది.

క్యారీబ్యాగులో ఉన్నాయి. చెత్తకుండీలో వేయడానికి చేతికి తగిలించుకునే ఉన్నాను. ఇచ్చేశాను.

"ఊర్లో వేరే మగ్గాలుండాయి, నీ పడుగు ఎత్తుకోని పో" అంది చౌడేశ్వరి. న్యాయమైన మాట. పడుగు చంకన పెట్టుకుని వీధి చివరి దాకా పోయాను కూడా. నాయనకు ఫోన్ చేస్తే, ఐదు నిమిషాల్లో కనుక్కుని, పక్క వీధిలో ఇంకో నేతగాడు సరేనన్నాడని చెప్పాడు. నా ప్రదర్శనకు ఏ ఢోకా లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఫోను స్టాండు మరిచిపోయానని.

దానికోసం వెనక్కి పోతే కుళ్ళాయమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఆ ఎర్రటి చిక్కు. ఒక్కో పోగూ విడదీసి తొడ మీద సాఫు చేస్తోంది. ఏడుస్తున్నట్టు శబ్దం లేదు గానీ ముక్కు తుడుచుకుంటోంది. నాకు జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. స్టాండు తీసుకోకుండా చెప్పులు విప్పి పక్కన కూర్చున్నాను.

"అవ్వా, ఎట్లాగూ కొత్తగా ఎక్కించాలి కదా. నా తెల్లపడుగునే నేరుగా ఎక్కిస్తే సగం పని తప్పుతుంది."

"తప్పుతాది" అంది ఆమె తలెత్తకుండా. "అప్పుడది కొత్త మగ్గమైతాది. ముందు ఈ పోగులే ఎక్కియ్యల్ల. ఆనెక నీది అతుకుతా."

చౌడేశ్వరి నా వంక చూసి, "కూచుంటే సగంలో లేచిపోగూడదు" అంది.

ఆరు రోజులు పట్టింది. కుళ్ళాయమ్మ చిక్కు తీసేది, వెనక నుంచి నేను పోగు అందించేవాణ్ణి, ముందు నుంచి చౌడేశ్వరి సన్నటి కొక్కెంతో దారపు కంట్లోంచి లాగి, అచ్చు సందులోంచి ఇవతలికి తీసేది. నేను అందించిన పోగుల్లో సగం ఒకటి బదులు రెండు వచ్చేవి. "నువ్వు చదివింది గుడ్డల చదువేనా?" అని చౌడేశ్వరి రోజుకు పదిసార్లు అడిగేది. మూడో రోజుకు నడుము పట్టేసింది. నాలుగో రోజు నాకు అస్తిత్వం అంటే ఏమిటో తెలిసింది, మెడకింద మొదలై మోకాలి దాకా ఉంటుంది. ఐదో రోజు టీ ఇచ్చారు.

ఎర్రపోగులన్నీ ఎక్కేసరికి ప్రదర్శనకు ఆరు రోజులే మిగిలాయి. అతకడానికి, నేయడానికి ఆ రోజులు చాలవు. మిగతా ఐదు దుస్తుల పని చూసుకోవడానికి బెంగళూరు పోయాను. ఆరో హ్యాంగరు ఖాళీగా ఉంది. దాని కింద చీటీ మాత్రం ముందే అచ్చేయించి, చేతికందనంత ఎత్తులో అంటించాను: 'శూన్యం, ధర్మవరం పట్టు, ఆరు గజాలు.' దాన్ని పీకేద్దామని నేను కుర్చీ వెతుక్కునే లోపల జడ్జీలు వచ్చేశారు.

వాళ్ళు ఐదు దుస్తుల్నీ చకచకా దాటేశారు. ఖాళీ హ్యాంగరు ముందు మాత్రం ఏడు నిమిషాలు నిలబడ్డారు. ఒకావిడ కళ్ళు చెమ్మగిల్లాయి. "ఎంత ధైర్యం!" అంది. నిజం చెబుదామని నోరు తెరిచాను. మౌనమే జవాబన్నట్టు ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపింది. మొదటి బహుమతి హ్యాంగరుకే వచ్చింది. ఇంటికి ఫోన్ చేస్తే నాయన, "మూడేండ్ల చదువు ఎందుకప్పా, హ్యాంగర్లు మన అంగట్లోనే రెండొందలుండాయి" అన్నాడు.

మర్నాడు పొద్దున నేరుగా ధర్మవరం పోయాను. కుళ్ళాయమ్మ మగ్గం వెనకే ఉంది. ఎర్రపోగులన్నిటికీ నా తెల్లపోగులు అతికేసింది. ముడి ఎక్కడుందో కంటికి ఆనడం లేదు. పక్కన చిన్న గిన్నెలో బూడిద.

"ఖాళీ హ్యాంగరుకు ప్రైజిచ్చారవ్వా" అని చెప్పాను.

"అయితే చీర వద్దా మల్ల?"

"కావాలి. కొంగు ఏం రంగు వేస్తే బాగుంటుందో నువ్వే చెప్పు."

ఆమె చివరి కొసన విడిగా వేలాడుతున్న ఒక ఎర్రపోగును చూపించింది. "నీకోసరం ఒగటి ఇడిసిపెట్టినా. తెంపినోడివి, ఒగటన్నా అతుకు."

పట్టు జారకుండా వేళ్ళకు బూడిద రాసుకుని, ఎర్రకొస, తెల్లకొస కలిపి మెలేశాను. బాగానే వచ్చిందనిపించింది. నిజం చెప్పొద్దూ, ఫోటో తీసుకుందామని కూడా అనిపించింది. చౌడేశ్వరి మగ్గం గుంతలోకి దిగి పడుగును మెల్లగా ముందుకు లాగింది. ముడులన్నీ దారపు కళ్ళల్లోంచి, అచ్చు సందుల్లోంచి ఇవతలికి వచ్చాయి.

"ఒగటి తెగినాది" అంది చౌడేశ్వరి.

అది నాదేనని తెలిసిపోయింది. సర్దడానికి కుళ్ళాయమ్మ చెయ్యి చాపుతుందేమోనని చూశాను. ఆమె బూడిద గిన్నె నా వైపు జరిపింది.

రెండోసారి తెగింది. మూడోసారీ తెగింది. నాలుగోసారికి ఫోటో సంగతి మరిచిపోయాను. చౌడేశ్వరి మగ్గంలోంచి లేవలేదు. ఏడోసారి అతికాక, కుళ్ళాయమ్మ ఆ పోగును గోటితో రెండుసార్లు మీటి చూసింది.

"ఇంగ నెయ్యి" అంది కోడలితో.