సీ బుక్కులో ఎక్కిన బ్రేకులు

సుప్రియ కొన్న కారు పాత అంబాసిడర్. మండపేటలో రైసుమిల్లు వాళ్ళు పదమూడేళ్ళు వాడుకుని అమ్మేశారు. సుప్రియ నా కూతురి కూతురు. దానికి ఏడో ఏట తల్లి కామెర్లతో పోయింది. అప్పటినుంచి నా దగ్గరే పెరిగి పశువుల డాక్టరు చదివింది. రెండువేల మూడో సంవత్సరం జూన్‌లో తుని అవతల ఒక పల్లెటూళ్ళో ఉద్యోగం వచ్చింది. మందుల పెట్టెలు వేసుకుని ఊళ్ళు తిరగాలి కాబట్టి కారు కొంది. ఉద్యోగంలో చేరడానికి పదిహేను రోజుల గడువిచ్చారు.

మేముండేది రావులపాలెంలో, అరటిగెలల మార్కెట్టు వెనక రెండు గదుల అద్దె వాటాలో. కారు కొన్న మర్నాడే హైవే పక్కన షెడ్డున్న మెకానిక్ దొరబాబు వచ్చి దాని కిందకి దూరి చూశాడు. బయటికొచ్చి, నాలుగు చక్రాలకీ పాతకాలం డ్రమ్ము బ్రేకులేనని, వానలో తడిస్తే సరిగ్గా పట్టవని చెప్పాడు.

ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు. మార్చడానికి వీలుందా అని నేనే అడిగాను. కొత్తరకం అంబాసిడర్లకు ముందు చక్రాల దగ్గర డిస్కు బ్రేకులు వస్తున్నాయని, అవి తెచ్చి దీనికి బిగించవచ్చని, కాలు ఆనిస్తే చాలు బండి నిలబడిపోతుందని అన్నాడు. సుప్రియ అక్కర్లేదంది. నేను రెండు రోజులు పట్టుబట్టి ఒప్పించాను. నాలుగు రోజుల్లో దొరబాబు పని ముగించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, బండి తెచ్చి ఇంటి ముందు ఆపాడు.

గడువు ఇంకా తొమ్మిది రోజులుండగానే సుప్రియ బయల్దేరుతానంది. ముందు వెళ్ళి ఇల్లు చూసుకోవాలట. ఆ ఉదయం అది స్నానానికి వెళ్ళినప్పుడు, బల్లమీద కారు కాగితాలు కనిపిస్తే తీసుకుని కూర్చున్నాను. ఇన్సూరెన్సు పాలసీ ఇంగ్లీషులో ఉంది. దానికి తెలుగులో అచ్చువేసిన కాగితం ఒకటి కుట్టి ఉంది. వేలు పెట్టుకుని చదివాను. బండిలో అసలు తయారీకి భిన్నంగా ఏ మార్పు చేసినా రవాణా శాఖ అనుమతితో సీ బుక్కులో రాయించాలని, కంపెనీకి తెలియజేయాలని, అలా చేయకపోతే నష్టపరిహారం నిరాకరించవచ్చని ఉంది. మళ్ళీ చదివాను. మూడోసారి కూడా చదివాను.

సుప్రియ తల తుడుచుకుంటూ వచ్చింది. ఆ కాగితం సంగతి అడిగితే నవ్వింది. పాడుచేస్తే తప్పుగానీ బాగుచేస్తే ఎవరేమంటారంది. ఏజెంటును అడిగిందట, అవన్నీ ఎవరూ చూడరన్నాడట. పెట్టెలు వెనక సీట్లో పెట్టుకుంది. పక్క వాటాలో ఉండే జ్ఞానమ్మ పుణ్యస్త్రీ కాబట్టి ఆవిడను ఎదురు రమ్మన్నాను. నేను తలుపు వెనక నిలబడ్డాను. కారు కదిలింది. వీధి చివర గెలల లారీ దాకా వెళ్ళింది.

"సుప్రియా, ఆగవే!" అని అరిచాను.

కారు ఉన్నచోటే నిలబడిపోయింది. లారీకి గెలలెక్కించేవాళ్ళు చేతుల్లో గెలలతో తిరిగి చూశారు.

"బయల్దేరిన పిల్లని వెనక్కి పిలిచారేంటండి!" అంది జ్ఞానమ్మ నోటిమీద చెయ్యి వేసుకుని.

సుప్రియ కారు వెనక్కి తెచ్చింది. దిగి కాళ్ళు కడుక్కుని, లోపలికి వచ్చి మంచినీళ్ళు తాగింది. వెనక్కి పిలిస్తే అలా చేసి మళ్ళీ బయల్దేరాలి మరి. గ్లాసు కిందపెట్టి నాకెదురుగా కూర్చుంది.

"నీకు భయమని తెలుసు అమ్మమ్మా. కానీ వీధిలో అలా అరుస్తావేంటి? మొదటిసారి వెళ్తున్నాను."

అప్పుడు చెప్పాను. పంతొమ్మిదేళ్ళు ఎవరికీ చెప్పని సంగతి.

మీ తాతగారు భీమరాజుగారు నరసాపురంలో తెలిసినవాళ్ళ పెళ్ళి మాటలకు బయల్దేరారు. డ్రైవరు బుల్లబ్బాయి కారు తీశాడు. కారు కదిలాక చూస్తే, అది ఆగి ఉన్నచోట నేలమీద అరచేయంత తడి. వంగి ముట్టుకున్నాను. నీళ్ళు కాదు. వేళ్ళకు ఆముదంలా జారుడుగా తగిలింది. అదేమిటో నాకు తెలియదు, కానీ కారులోంచి కారకూడనిదేదో కారిందని మాత్రం తెలిసింది. కారు ఇంకా వీధి మలుపులో కనిపిస్తూనే ఉంది. పిలుద్దామని నోరు తెరిచాను. బయల్దేరిన మనిషిని వెనక్కి పిలవకూడదని మా అత్తగారు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో. శుభకార్యానికి వెళ్తున్నారు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. పావుగంటలో కారు లాకుల దగ్గర మలుపు తిరగలేక కాలవలో పడిందని కబురొచ్చింది. ఇద్దరూ పోయారు.

తరవాత ఇన్సూరెన్సు వాళ్ళ మనిషి వచ్చి కారు చూసి, బ్రేకు ఆయిలంతా కారిపోయిందన్నాడు. అంతకుముందు ఎవరో మెకానిక్ దానికి జీపు బ్రేకుల సామాను బిగించాడు. అది సీ బుక్కులో లేదు, కంపెనీకి చెప్పలేదు. అందుకని పరిహారం ఇవ్వం అన్నారు. కేసు కోర్టులో ఆరేళ్ళు నలిగింది, పైసా రాలేదు. ప్రతి వాయిదాకీ నా వేలిముద్ర పక్కన బుల్లబ్బాయి పెళ్ళాం అచ్చాయమ్మ వేలిముద్ర వేసేది. నన్ను ఒక్కమాట అనలేదు. ఒకనాడు యానాంలో అన్నగారింటికి వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఏ కాగితంమీద వేలు పెడుతున్నానో తెలియకుండా పెట్టానని ఆ తరవాతే అక్షరాలు నేర్చుకున్నాను. పొట్లాల కాగితాలు విప్పి, ఒకటొకటిగా.

సుప్రియ లేచి వెళ్ళి కారులోంచి పెట్టెలు దింపింది.

మూడో రోజున అమలాపురం రవాణా శాఖ ఆఫీసుకు ఆ కారులోనే వెళ్ళాం. నేను కారెక్కడం పంతొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. కాలవ గట్టున పోతున్నంతసేపూ కళ్ళు మూసుకున్నాను. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు నడివయసు మనిషి. బ్రేకులు మార్చామని చెప్పుకోవడానికి ఆ ఏడాది వచ్చినవాళ్ళం మేమేనట. కారు చుట్టూ తిరిగి, కింద కూర్చుని చూశారు. అదే కంపెనీ కారుకు అదే కంపెనీ సామాను కాబట్టి రాస్తాననీ, జీపుదో లారీదో అయితే రాసేవాణ్ణి కాదనీ అన్నారు. జీపు అన్నప్పుడు సుప్రియ నా చెయ్యి పట్టుకుంది. కానీ ఏమేమి మార్చారో వివరంగా మెకానిక్ సంతకంతో బిల్లు కావాలన్నారు. దొరబాబు బిల్లు ఇవ్వలేదు. ఉత్త చేతులతో తిరిగొచ్చాం.

ఇక్కడ నిజం చెప్పాలి. ఆయన బిల్లు కావాలన్నప్పుడు నాకు లోపల సంతోషం కలిగింది. ఇంకో రెండు రోజులు పిల్ల ఇంట్లో ఉంటుంది. ఆ రోజుల్లో అది నా పక్కనే పడుకునేది. కోతుల మార్కు పళ్ళపొడి డబ్బా పట్టుకుని వాకిట్లో నిలబడి పళ్ళు తోముకుంటూ జ్ఞానమ్మతో కబుర్లు చెప్పేది. ఇంకొక కాగితం, ఆ తరవాత మరొక కాగితం కావాలంటే బాగుండుననుకున్నాను. నా భయంలో సగం బ్రేకుల గురించి. మిగతా సగం దేనిగురించో నాకు తెలుసు.

దొరబాబు షెడ్డుకు వెళ్ళడానికి రెండు రోజులు పట్టింది. ఒకరోజు వాన, ఇంకోరోజు అతను ఊళ్ళో లేడు. వెళ్ళేసరికి గడువు నాలుగు రోజులుంది. అడిగితే తల గోక్కున్నాడు.

"మనకి బిల్లులేంటండి మామ్మగారండి! సంతకం అంటే పెడతానుగానీ రాత మన వల్ల కాదండి. మా బావమరిది చదువుకున్నాడండి. ఓ రిపేరు పని మీద కాకినాడెళ్ళాడు. వారంలో వచ్చేత్తాడు, ఆడి చేత రాయిత్తానండి."

సుప్రియ ముఖం వాడిపోయింది. వారమంటే గడువు దాటిపోతుంది. కారు నాకు వదిలేసి బస్సులో వెళ్తానంది. బస్సులో వెళ్తే మాటిమాటికీ కారు కోసమైనా వస్తుంది. ఆ ఆలోచన నాకు వచ్చింది. రాలేదని అనను. వారం ఆగుదామే అని నోటిదాకా వచ్చింది.

షెడ్డు గోడకు తాడుతో వేలాడుతున్న చీట్ల పుస్తకం ఉంది. దాన్ని తీసుకున్నాను. సుప్రియ కలం అడిగాను.

"నువ్వు చెప్పు నాయనా, నేను రాస్తాను" అన్నాను.

దొరబాబు నన్నూ కలాన్నీ చూశాడు. "మీరా అండి?"

"పొట్లాల చదువులే. మెల్లిగా చెప్పు."

టైరుమీద కూర్చుని రాశాను. డిస్కులు రెండు. కాలిపర్లు రెండు. మాస్టరు సిలిండరు ఒకటి. బూస్టరు ఒకటి. కొత్త గొట్టాలు. ఒక్కొక్క మాటా అతను చెప్పి ఆగితే నేను రాశాను. కాలిపర్లు అన్న మాట రెండుసార్లు కొట్టేసి రాయాల్సి వచ్చింది. సుప్రియ పక్కనే నిలబడింది, కలం తీసుకుంటానని అనలేదు. చివర దొరబాబు నిక్కర్ జేబుకు చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టాడు. నా జీవితంలో నేను ఇంకొకరికోసం రాసిన మొదటి కాగితం అదే.

మర్నాడు ఇన్‌స్పెక్టరు గారు ఆ చీటీ కళ్ళద్దాల దగ్గరగా పట్టుకుని చదివారు. ఈ రాత ఎవరిదని అడిగారు. సుప్రియ నన్ను చూపించింది. ఆయన దాన్ని దస్త్రంలో పెట్టారు. ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో సుప్రియను కారు తోలమన్నారు. ఆయన చేతిరుమాలు ఊపగానే ఆపాలి. మూడుసార్లు ఊపారు. మూడుసార్లూ కారు గీత గీసినట్టు ఆగింది. సీ బుక్కులో రాసి ముద్ర వేశారు. మర్నాడు ఇన్సూరెన్సు ఆఫీసులో ఆ రాతను చూసి పాలసీకి ఇంకొక కాగితం జోడించారు. దానిమీద బ్రేకుల సంగతి ఉందని సుప్రియ ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పింది. నాచేత దానిమీది ముద్రను తడిమించింది.

ఇక అడగడానికి ఏ కాగితమూ మిగల్లేదు.

గడువుకు ఒకరోజు ముందు తెల్లవారి బయల్దేరింది. పెట్టెలు మళ్ళీ వెనక సీట్లోకి ఎక్కాయి. జ్ఞానమ్మ చెంబుతో ఎదురొచ్చింది. కాగితాలు పెట్టుకున్నావా అని అడిగితే సంచీ తట్టి చూపించింది.

"వెళ్ళొస్తాను అమ్మమ్మా. ఏమైనా చెప్పాలంటే ఇప్పుడే చెప్పెయ్. మళ్ళీ వెనక్కి పిలవకు."

"ఏమీ లేదు, వెళ్ళిరా" అన్నాను.

తలుపు వెనకనుంచే చూశాను. కారు లారీని దాటింది. మలుపు దగ్గర వెనక ఎర్రదీపాలు ఒకసారి వెలిగాయి, ఆరాయి. జ్ఞానమ్మ కాసేపు నిలబడి, పొయ్యిమీద పాలున్నాయని తన వాటాలోకి వెళ్ళిపోయింది.

నేను వీధిలోకి దిగాను. కారు ఆగి ఉన్నచోట గొంతుక్కూర్చుని నేలమీద అరచెయ్యి ఆనించాను. పొడిగా ఉంది. చేతికి దుమ్ము తప్ప ఏమీ అంటలేదు. అయినా కొంచెం జరిగి, పక్కన కూడా తడిమి చూశాను.