అద్దంలో ఎడమచెయ్యి

పొద్దున్నే షాపు తెరవగానే అద్దం తుడవడం నా మొదటి పని. "ఆ మూల మరక అలాగే ఉంది," అన్నాడు బయట వరండాలోంచి నా భర్త ఓపాంగ్. మరక ఎక్కడుందో నాకంటే ఆయనకే బాగా తెలుసు. కలప మిల్లులో పని పోయిన ఈ మూడేళ్ళూ ఆయన ఉద్యోగం అదే, నన్ను కాపలా కాయడం. గోడవారగా కుర్చీ వేసుకుంటాడు. అక్కణ్ణుంచి నేను కనబడను. గుమ్మంలోంచి ఎదురుగోడ మీది అద్దం కనబడుతుంది, అద్దంలో నేను కనబడతాను. జడలల్లించుకోవడానికొచ్చే ఆడవాళ్ళు ఇదివరకు నా దగ్గర మనసు విప్పేవాళ్ళు. ఇప్పుడు గొంతు తగ్గించి వాతావరణం గురించి మాట్లాడుతున్నారు. నేను గట్టిగా నవ్వితే ఎందుకు నవ్వావని ఇంటికెళ్ళాక ఆరా. ఎనిమిది గంటలపాటు మొహాన్ని అదుపులో పెట్టుకోవడం ఎంత అలసటో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

గురువారం ఓపాంగ్ వాళ్ళక్క అక్యా షాపుకొచ్చింది. దాహమంటే మంచినీళ్ళిచ్చాను. సాయంత్రం ఇంట్లో ఉడికించిన కర్రపెండలం ఫుఫూ ముద్దకి దంచుతుంటే ఓపాంగ్ వచ్చి రోకలి పట్టుకుని ఆపాడు.

"మా అక్కకి ఎడమచేత్తో నీళ్ళిస్తావా?"

"కుడిచేత్తోనే ఇచ్చానండీ."

"నా కళ్ళతో చూశాను. నేను అబద్ధమాడుతున్నానంటావా?"

వదినకి ఫోన్ చేశాను. "ఏమో తల్లీ, నేను ఫోన్ చూసుకుంటూ తాగేశా. తమ్ముడు చూశానంటే చూసే ఉంటాడు," అంది.

మా కుమాసి పట్నంలో పెద్దవాళ్ళకి ఎడమచేత్తో ఇవ్వడం మొహాన ఉమ్మినంత తప్పు. ఆదివారం షాపులోనే, ఓపాంగ్ మేనమామ డార్కో ముందు, తప్పుకి చెల్లింపుగా గుడ్లూ సారా సీసా పెట్టి నేను మోకాళ్ళ మీద క్షమాపణ అడగాలని అక్కాతమ్ముళ్ళు ఖాయం చేశారు. రెండు రోజులు నాకు తిండి సయించలేదు. నిజంగానే ఇచ్చానేమో? పరధ్యానంలో ఉన్నానేమో? ఆయన అన్నిసార్లు అన్నాక నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయింది. ఆయన తల్లి మంచాన పడ్డ పద్నాలుగు నెలలూ ఆమెని కడిగింది ఈ ఎడమచెయ్యే. అప్పుడు దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు, ఎవరూ చూడనూ లేదు.

శనివారం ఒకామె తల దువ్వుతూ అద్దంలోకి చూశాను. అద్దంలో మనిషి నాకేసి తిరిగి ఉంది, దువ్వెన ఆమె ఎడమచేతిలో ఉంది. నా చేతికేసి చూసుకున్నాను. కుడిచెయ్యి. మూడేళ్ళుగా ఆయన చూస్తున్నది ఆమెని, నన్ను కాదు.

ఆదివారం అందరూ వచ్చాక, పెద్దాయన డార్కోని ఓపాంగ్ కుర్చీలో కూర్చోబెట్టి నేను లోపలికెళ్ళాను. గ్లాసు పట్టుకుని, గురువారం నిలబడ్డ చోటే నిలబడి, చెయ్యి చాపాను.

"ఏ చెయ్యి, మామయ్యగారూ?"

"ఎడమచెయ్యి కదమ్మా!"

"లోపలికొచ్చి చూడండి."

వచ్చి చూశాడు. మళ్ళీ బయటికెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. "ఓరి దీని దుంప తెగా!" అని పగలబడి నవ్వాడు. వదిన తల దించుకుంది. నా గుండెలో బరువు దిగిపోయింది, ఒక్క నిమిషం.

"అద్దాన్ని అడ్డం పెట్టుకుని నన్ను వెర్రివాణ్ణి చేస్తోంది," అన్నాడు ఓపాంగ్.

పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. "సరే, కుడిచెయ్యే. నీ తప్పేం లేదమ్మా. కానీ ఇంతమందిమి వచ్చాం కదా, మొగుడి మాట పోనీకు. ఒక్కసారి మోకాళ్ళ మీద వంగి ఆ ఒక్క ముక్కా అనేసెయ్, వెళ్ళిపోతాం."

అందరూ నా మోకాళ్ళకేసి చూస్తున్నారు. నిజం తేలితే చాలనుకున్నాను, ఎంత పిచ్చిదాన్ని! వీళ్ళకి కావలసింది నిజం కాదు.

ఈ షాపు మా అమ్మది. వెనక గదిలో మంచముంది, పొయ్యి ఉంది. నడుముకి చుట్టిన గుడ్డ కొసన కట్టిన ముడి విప్పి ఇంటి తాళంచెవి తీశాను. పెద్దాయన చూస్తుండగా మా ఆయన ముందుకి చెయ్యి చాపాను.

"ఇది ఎడమచెయ్యి, ఓపాంగ్," అన్నాను. "తీసుకో."