టైముకి పోయిన లాంచీ

మా అక్కా బావా మహానగరాలు చూడ్డానికి ఇద్దరే వెళ్ళారు. వచ్చేటప్పుడు ముగ్గురొచ్చారు: అక్క, బావ, బావ చేతికో వాచీ.

బావ మా దీవి నుంచి ఆవలి ఒడ్డుకి లాంచీ నడుపుతాడు. నేను అందులో టిక్కెట్లు చింపుతాను. మా లాంచీకి వేళ లేకపోలేదు. అది రేవు గోడ మీద రాసి ఉంటుంది, అక్కడే ఉంటుంది. మెరక మీంచి ఎవరైనా "వస్తున్నా!" అని కేకేశారంటే, వాళ్ళొచ్చి ఎక్కేదాకా తాడు విప్పకూడదు. తాతల నాటి కట్టు అది. తీరం మీద బతికేవాళ్ళకి తీరికే ఆస్తి.

నగరంలో మాత్రం బావ కోసం ఎవరూ ఆగలేదట. బస్సు మొహం మీదే తలుపేసింది. రైలైతే అక్కని ఎక్కించుకుని బావని ప్లాట్‌ఫారం మీదే వదిలేసింది. "ఆగండర్రా" అని పరిగెత్తితే జనం నవ్వారట. ఆ నవ్విన వాళ్ళనేమీ చెయ్యలేక, ఆ కసి తెచ్చి మా మీద తీర్చుకున్నాడు.

"ఇకనుంచి టైమంటే టైమే" అన్నాడు, వచ్చిన మర్నాడు పొద్దున రేవులో.

"సముద్రానికి చెప్పావా బావా?"

"నోర్ముయ్. నువ్వు చింపాల్సింది టిక్కెట్లు, నా మాటలు కాదు."

ఆ పొద్దునే మా అమ్మాయికి ఆవలి ఒడ్డు ఆసుపత్రిలో ల్యాబు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. చదువయ్యాక వచ్చిన మొదటి పిలుపు, ఉన్నది ఒక్కటే పోస్టు. బావకి తెలుసు. అది మెరక దిగుతూ "వస్తున్నా మావయ్యా!" అని కేకేసింది. బావ వాచీ చూసుకుని తాడు విప్పేశాడు.

"బావా, మన పిల్ల!"

"పిల్లయినా పిల్లి అయినా ఒకటే రూలు."

తాడు పట్టుకున్నాను. ఇంజను ఒక్క ఊపు ఊపింది. తాడు నా అరచేతుల తోలు పట్టుకుపోయింది. మా అమ్మాయి రేవు చివర నిలబడిపోయింది, ఒక చేతిలో సర్టిఫికెట్లు, రెండో చేతిలో బావ క్యారియరు. ఆయన మరిచిపోయాడని అక్క దారిలో ఆపి మరీ ఇచ్చిందట. అందుకే ఆలస్యం. లాంచీ వెళ్ళిపోయింది, లంచ్ ఉండిపోయింది. జోకే. మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. ఉద్యోగం ఇంకొకరికి పోయింది.

సాయంత్రం బావ గడప తొక్కేలోపే అక్క అందుకుంది.

"రైలు నన్ను పట్టుకుపోయినప్పుడు చంటిపిల్లాడిలా ఏడ్చావే! ఆ ఏడుపు దానికెందుకు అంటించావు?"

"నగరాల్లో జనం ఇలాగే బాగుపడుతున్నారే. కావాలంటే ఇదిగో, టైము చూడు..."

"ఆ వాచీ నా ముందు ఊపకు, మొహం వాచిపోతుంది. వంట లేదు, రూలు తిని పడుకో."

దీవి దీవంతా దీవించింది, వినలేని మాటలతో. మంగలి గడ్డం గీయనన్నాడు. టీకొట్టు ముసలమ్మ బావకి టీ పోస్తూ పోస్తూ ఆపి, "అయ్యో, టైమైపోయింది" అని గ్లాసు వెనక్కి తీసుకుంది.

వారం తిరిగేసరికి, ఆవలి ఒడ్డున మందుల షాపులో మనిషి కావాలని కబురొచ్చింది. ల్యాబు ముందు అదెంత? అయినా మా అమ్మాయి వెళ్తానంది. ఆ పొద్దున బావ లాంచీ కదపలేదు. వేళ దాటింది. లోపల జనం గొణుగుతున్నారు. బావ మెరక వైపే చూస్తున్నాడు.

అది దిగింది. మంచి చీర కట్టుకుంది. "వస్తున్నా" అనలేదు.

"రా అమ్మడూ, నీ కోసమే ఆపాను" అన్నాడు బావ.

"నా కోసం ఆగకండి మావయ్యా. మీ టైము దాటిపోయింది."

పక్కనే చేపల పడవ ఉంది. అది చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, వలల మీద కాలేసి, చేపల గంప పక్కన కూర్చుంది. పడవవాడు మా వైపు చూడకుండా తెడ్డేశాడు.

"ఆ కంపులో వెళ్తే ఉద్యోగం ఎవడిస్తాడే?" అని అరిచాడు బావ. అది వెనక్కి తిరగలేదు. పడవ మలుపు దాటింది.

బావ ఇంజను ఆపేసి కూలబడ్డాడు. "ఒరేయ్, నువ్వైనా నన్ను తిట్టరా" అన్నాడు.

నా నోటినిండా తిట్లే ఉన్నాయి. ఒక్కటి వదిలినా అతనికి సుఖంగా ఉండేది. అంత సుఖం నేనెందుకివ్వాలి?

"టిక్కెట్లు, టిక్కెట్లు" అంటూ జనం వైపు తిరిగాను.