మందు ఎక్కువైన రోజు

గాజు గొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి ఆయన ఒక కన్ను మూశాడు. తొట్టిలోంచి తీసిన నీళ్లలో పరీక్ష చుక్కలు కలిపితే ఇంకా లేత గులాబీ రంగు తిరుగుతోంది. నిన్నటికంటే వెలిసింది. కానీ ఉంది.

"ఇవాళైనా వేస్తావా చేపల్ని?" మంచం మీంచి అక్క అడిగింది.

"నీళ్లు ఇంకా కుదరలేదక్కా."

"పెళ్లి సంబంధాలైనా ఇంతకంటే తొందరగా కుదురుతాయిరా. ఉత్త నీళ్లని ఎన్నాళ్లు చూడమంటావు?"

ఆయన గొట్టం కడిగి బోర్లించాడు. అక్కకి ఎక్కువ రోజులు లేవని డాక్టరు ఆయనతో చెప్పాడు. అక్కకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. మంచం మీంచి చూస్తే ఎదురింటి గోడ తప్ప ఏమీ కనిపించదు, అందుకే చేపల్ని చూడాలనుందంది. తల్లి పోయాక ఆయన్ని పెంచిన మనిషి, ఇన్నేళ్లలో నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఆయన తొట్టి తెచ్చాడు, ఇసుక పరిచాడు, గాలి మోటారు బిగించాడు, నీళ్లు నింపాడు. అక్కడితో ఆగాడు. కొత్త నీళ్లలో చేపల్ని వదిలితే వాటి మలమే విషమై వాటిని చంపుతుంది. గొట్టంలో గులాబీ రంగు ఆ విషానిదే. ఆ విషాన్ని తినేసే సూక్ష్మజీవులు ముందు ఇసుకలోనూ వడపోత స్పాంజిలోనూ పుట్టి పెరగాలి. అందుకని చేపల్లేని తొట్టిలో రోజూ చిటికెడు మేత కుళ్లబెట్టి, అవి పెరగడం కోసం కాచుకుని కూర్చున్నాడు.

"ఊళ్లో పురుగుల్ని చంపొచ్చి ఇంట్లో పెంచుతున్నాడు మహానుభావుడు," అని అక్క నవ్వేది. నిజమే మరి. ఊరి నీటి కేంద్రంలో క్లోరిన్ కలపడం ఆయన పని. క్లోరిన్‌ని అక్కడ మందు అంటారు, ఆయన్ని మందాయన అంటారు. కొత్తగా పరిచయమైనవాళ్లు ఆ పేరు విని కాస్త దూరం జరుగుతారు. పాపం, ఆయన జన్మలో చుక్క ముట్టలేదు.

వెళుతూ భార్యకి చెప్పాడు. "మధ్యాహ్నం తొట్టిలో సగం నీళ్లు తీసేసి కొత్తవి పొయ్యి. మందుని విరిచే చుక్కలు మూతలో కొలిచి పెట్టాను. సాయంత్రానికి కుదిరి తీరాలి."

పైన ఎక్కడో వాన పడినట్టుంది, కేంద్రానికి నది నీళ్లు ఎర్రగా బురదగా వచ్చాయి. వేసిన మందునంతా ఆ మురికే మింగేస్తోంది. ఊళ్లోకి పోయే నీళ్లలో మందు నిలవడం లేదు. పెంచాలి, బాగా పెంచాలి. ఆయన చెయ్యి మందు వదిలే చక్రం దాకా వెళ్లి ఆగిపోయింది. ఇంట్లో మూతలో కొలిచిన చుక్కలు మామూలు రోజుకి సరిపడేవి. ఇవాళ్టి నీళ్లు తొట్టిలో పడితే, ఇన్నాళ్లు పెంచినవన్నీ చస్తాయి. మళ్లీ మొదటికొస్తుంది. మళ్లీ మొదలుపెట్టేంత వ్యవధి అక్కకి లేదు.

భార్యకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే.

కాసేపాగి పెంచితే? ఇంటికి ఫోన్ అందేదాకా. అడిగేవాళ్లెవరూ లేరు. కానీ ఆ కాసేపట్లో ఈ నీళ్లు ఎందరు పసిపిల్లల గొంతులోకి దిగుతాయో ఆయనకి తెలియనిది కాదు. ఇన్నేళ్లలో పుట్టని దొంగబుద్ధి ఇవాళ పుట్టినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. పళ్లు బిగించి చక్రం తిప్పాడు.

"ఏం మందాయనా, ఇవాళ గట్టిగానే కొట్టినట్టున్నావు?" ముక్కు మూసుకుంటూ పంపు ఆపరేటరు పరాచికమాడాడు. ఆయనకి నవ్వు రాలేదు. వీలు చిక్కినప్పుడల్లా ఫోన్ చేస్తూనే ఉన్నాడు.

డ్యూటీ దిగి ఇంట్లో అడుగుపెడుతూనే అడిగాడు. "నీళ్లు మార్చావా?"

"ఫోను వంటింట్లో ఉండిపోయిందండీ, ఇప్పుడే చూశాను," అంది భార్య. "బకెట్టు నింపి తెచ్చాను గానీ, వదిన పొయ్యనివ్వలేదు."

అక్క కళ్లు మూసుకునే మాట్లాడింది. "బకెట్టు గదిలోకి రాగానే గుప్పుమంది. మందు పెంచావని తెలిసిపోయింది. వాన పడిందా పైన?"

"పడింది."

"నీ సంగతులన్నీ నాకు కుళాయే చెబుతుందిరా. ఆ మధ్య జ్వరంతో డ్యూటీకి పోయిన రోజు కాస్త తక్కువేశావు."

"ఎప్పుడూ అనలేదేం?"

"అనడానికేముంది? జ్వరం కదా, పోనీలే అనుకున్నాను."

ఆయనకి ఏడుపొచ్చింది. ఆ పని ఎలా చేస్తున్నావని ఊళ్లో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. అక్క మాత్రం గ్లాసు ఎత్తినప్పుడల్లా చూసుకుంటూనే ఉంది. విరిచే చుక్కలు రెట్టింపు వేసి, నీళ్లు తనే మార్చాడు. కాసేపాగి గొట్టంలో పట్టి, పరీక్ష చుక్కలు కలిపి వెలుతురుకు పెట్టాడు. రంగు లేదు. మళ్లీ చూశాడు. లేదు.

"కుదిరాయక్కా!"

"అయితే ఇంకా నిలబడ్డావేం? పో!"

చేపల దుకాణం వీధి చివరే. ఎర్ర చేపలున్న ప్లాస్టిక్ సంచిని గుండెకి ఆనించుకుని వచ్చాడు. పరిగెత్తాలనే ఉంది గానీ, అవి బెదురుతాయని నడిచే వచ్చాడు.

భార్య మంచం పక్కన నిలబడి ఉంది. "కళ్లజోడు మసగ్గా ఉంది, కడిగి తెమ్మంది. చేపలు బాగా కనబడాలంది. కడిగి వచ్చేసరికి..." అని ఆగిపోయింది.

ఆయన అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి సంచిని తొట్టి నీళ్ల మీద తేల్చాడు. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వేడికి రావాలి, అప్పటిదాకా చేపల్ని వదలకూడదు. వెక్కి వెక్కి ఏడుస్తూనే అంతసేపూ ఆగాడు. అప్పుడు సంచి మూతి విప్పాడు. చేపలు ఒక్కొక్కటే బయటికి వచ్చి, ఇసుక దాకా దిగి, హాయిగా తిరగసాగాయి.

భార్య కళ్లజోడుని దిండు పక్కన పెట్టింది. దాని మీద నీటి చుక్కలు ఇంకా ఆరలేదు.