కామడోర్ చదవని క్యాసెట్

ఇంటి అడుగున సామాన్లు పడేసే కెల్లర్ గది సర్దుతుంటే పాత అట్టపెట్టెలో ఆ క్యాసెట్ దొరికింది. మీద మా ఛాయ చేతిరాత: "నాన్నకు, పుట్టినరోజుకి, 1985." ఆ పుట్టినరోజుకి వారం ముందే మెదడువాపు జ్వరంతో పోయింది. పదమూడేళ్ళ పిల్ల.

ఆ రోజుల్లో కంప్యూటర్ ప్రోగ్రాములు ఇలాంటి క్యాసెట్ల మీదే దాచేవారు. మా ఆయన వెంకటరామారావు, బీరువా మీది పాత కామడోర్ కంప్యూటర్ దించి మూడుసార్లు ప్రయత్నించారు. తెర మీద ఒక్క అక్షరం రాలేదు. మూడోసారి టేపు చిక్కుపడితే పెన్సిలు దూర్చి మెల్లగా చుట్టారు.

"ఇంకొక్కసారి, హైమా."

"తెగిపోతుందండీ. ఇక అది మళ్ళీ దొరకదు."

క్యాసెట్ లాక్కుని వంటింటి టేప్‌రికార్డర్లో పెట్టాను. సన్నని ఈల, మధ్యమధ్య బర్రుమనే శబ్దం. ఈయన కంప్యూటర్ ఎప్పుడూ నోరు మూసుకునే టేపు చదివేది. ఈ ఈల నేను విన్నది భాస్కరరావుగారింట్లో. ఆయన భార్య మంగా నేనూ గారెలు వేస్తుంటే, హాల్లో ఆయన అటారీ కంప్యూటర్ టేపు చదువుతూ ఇలాగే కూసేది.

"ఇది అటారీదండీ."

ఆయన మొహం మాడిపోయింది. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ప్రాణస్నేహితులు. నలుగురిలో భాస్కరరావుగారు తన కామడోర్‌ని రొట్టెల డబ్బా అన్నాడని ఈయన మాటలు మానేశారు. నలభై ఏళ్ళు దాటింది. మంగ పోయినా వెళ్ళలేదు. పిల్లనీ ఆ గడప తొక్కొద్దన్నారు. అయినా అది దొంగచాటుగా వెళ్ళిందన్నమాట. నాకు ఒళ్ళు మండింది, దాని మీద కాదు, ఈ మగాళ్ళ మీద.

"వాడింటికి నేను రాను."

"సరే, మన పిల్ల ఏం రాసిందో నేనొక్కదాన్నే చూసొస్తాను."

ఎస్-బాన్ రైలు నా వెనకే ఎక్కారు.

భాస్కరరావుగారు తలుపు తీసి, క్యాసెట్ మీది రాత చూసి పక్కకు జరిగారు.

"ఆదివారాలు వచ్చేది చెల్లెమ్మా. చెప్పొద్దని ఒట్టేయించుకుంది. ఏం రాసేదో నాకూ చూపించలేదు."

అటారీ దుమ్ము తుడిచి టేపు పెట్టారు. ఈల మొదలైంది. ఒకచోట బొంగురుపోయింది. మా ఆయన నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకున్నారు. ఈల మళ్ళీ సాఫీ అయి, ఆగింది. భాస్కరరావుగారు ప్రోగ్రాం నడవడానికి రన్ అని కొట్టి, కుర్చీలోంచి లేచి మా ఆయన్ని కూర్చోమన్నారు.

తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో మా పిల్ల తెలుగు: "నాన్నా, ఇది అంకుల్ అటారీలో రాశా. కోపం వచ్చిందా? వస్తే వై కొట్టు, లేకపోతే ఎన్."

కళ్ళనిండా నీళ్ళతో మా ఆయన కీబోర్డు మీద అక్షరాలు తడుముకున్నారు. ఎన్ నొక్కారు.

ఒక్క మాట వచ్చింది.

"హమ్మయ్య."