కంప్యూటర్‌కు చెవులు కుట్టించిన గుర్వయ్య

కోస్గి దగ్గరి ఒక గొర్లకాపరుల సంఘంలో కంప్యూటర్ ఉండేది. ఉండేదంటే ఊరికే ఉండటం కాదు, అది ఏలుతుండేది. పట్నంలో ఏదో ఆఫీసువాళ్లు కొత్తవి కొనుక్కొని పాతవాటిని గోదాములో కుప్పేస్తే, సంఘం అధ్యక్షుడు గుర్వయ్య అక్కడి పెద్దసారు ఇంటికి ఒక మేకపోతును తోలించి, ఆ కుప్పలోంచి ఒకటి తెచ్చుకున్నాడు. మేకపోతు ఏమైందో అందరికీ తెలుసు. కంప్యూటర్ ఏం చేస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు, గుర్వయ్యతో సహా.

అయినా దాని మర్యాద దానికి జరిగింది. దానికొక గది ఇచ్చారు. ఆ గదికి సున్నం వేశారు. పూలపూల బట్టతో ముసుగు కుట్టించారు. గడప అవతల చెప్పులు విడవాలని, గడప ఇవతలికి ఎవరూ రావద్దని గుర్వయ్య హుకుం పెట్టాడు. దసరా వస్తే ముసుగు తీసి, కొబ్బరికాయ కొట్టి, బీరప్ప దేవుడి మీద చల్లినట్టే గడప అవతలి నుంచే దాని మీద కూడా పిడికిళ్లతో బండారి చల్లేవాళ్లు. పసుపు కదా, మంచిదే అనుకున్నారు.

మీట నొక్కితే లోపల ఏదో బుర్రుమని తిరిగేది. నల్లటి తెర మీద రెండు వరుసల ఇంగ్లీషు అక్షరాలు వచ్చి, కొట్టంలో కట్టేసిన ఎడ్లలాగా కదలకుండా నిలబడేవి. గుర్వయ్య మూడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాడు. కంప్యూటర్ పని అంటే ఇంతే కాబోలు అనుకున్నాడు. అనుకున్నాక, దాన్ని ఎలా వాడుకోవాలో కూడా తనే కనిపెట్టాడు.

సర్కారు నుంచి గొర్ల కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు వచ్చిందంటే కాపరులు గడప దగ్గరికి వచ్చేవాళ్లు. తనవాడైతే గుర్వయ్య ఏమీ అడగకుండా సీసా చేతిలో పెట్టేవాడు. తనవాడు కాకపోతే మెల్లగా ముసుగు తీసి, మీట నొక్కి, తెర తనవైపే తిప్పుకొని, కాసేపు చూసి, నిట్టూర్చేవాడు. ఏం చేయాలె, కంప్యూటర్‌ల నీ పేరు వస్తలేదు, అనేవాడు. గుర్వయ్యతో కొట్లాడొచ్చు, కాలర్ పట్టొచ్చు. కంప్యూటర్ కాలర్ ఎవరు పడతారు? వచ్చినవాడు దానికొక దండం పెట్టి చెప్పులు తొడుక్కొని పోయేవాడు. గొర్రె కసాయిని నమ్ముతుందని కాపరే సామెత చెప్తాడు, చెప్పి తనూ అదే పని చేస్తాడు.

అలా పోయినవాళ్లలో గోపమ్మ ఒకతె. గుర్వయ్యకు పెద్దనాయన కోడలు, వరసకు వదినె. భర్త పోయాక మందను తనే తోలుకుంటోంది. ఒకసారి బీరన్న అనే మరో కాపరి అరుగు మీద కూర్చుని ఛాయ తాగింది. ఆ బీరన్న గుర్వయ్యకు ఎదురు నిలబడాలనుకుంటున్నవాడు. ఆ ఛాయ కంప్యూటర్‌కు ఎలా తెలిసిందో ఏమో, ఆ వానాకాలం దాంట్లో గోపమ్మ పేరు రాలేదు. నట్టలు పడి ఆమె గొర్లు గడ్డాల కింద నీరు దిగి, నిలబడ్డచోటే కూలిపోయాయి. గోపమ్మ సంఘానికి వచ్చి పెట్టె వైపు ఒకసారి చూసి పోయింది.

తొంభైతొమ్మిది ఎండాకాలంలో సంఘం ఎన్నికలొచ్చాయి. కుర్చీ పోతే గుర్వయ్యకు మిగిలేది ఏమీ లేదు. హోటల్లో అడగకుండా వచ్చే ఛాయ కుర్చీది, బస్సులో దొరికే ముందు సీటు కుర్చీది, ఇంట్లో పెళ్లాం కంచం ముందు పెట్టేది కూడా కుర్చీని చూసే అని అతనికి లోలోపల అనుమానం. బీరన్నేమో గొర్లకు నీళ్ల తొట్టి కట్టిస్తానంటున్నాడు. ఎండలకు జనం ఆ తొట్టి వైపే మొగ్గుతున్నారు.

గుర్వయ్య దానికి పై ఎత్తు వేశాడు. వలస పోయేటప్పుడు అడవి జవాన్లు, పోలీసులు ఆపి, మీరెవరని కాపరులను సతాయిస్తారు. ప్రతి కాపరికీ కంప్యూటర్ ఫోటో కార్డు ఇప్పిస్తానన్నాడు. అని ఊరుకోలేదు. హైదరాబాదు పోయి ఉల్లిగడ్డంత కెమెరా కొనుక్కొచ్చాడు. దాని తోకను కంప్యూటర్‌కు పెడితే చాలు, ఫోటో లోపలికి పోతుందని దుకాణంవాడు చెప్పాడట.

తోక కొసన మూతి పలకగా ఉంది. పెట్టె వెనకున్న బొక్కలు కొన్ని గుండ్రంగా, కొన్ని చీమల బారులాగా ఉన్నాయి. ఏ ఒక్కదాంట్లోనూ ఆ మూతి పట్టలేదు. గుర్వయ్య తిప్పి చూశాడు, తోసి చూశాడు, చివరికి కొబ్బరినూనె రాసి కూడా చూశాడు.

జడ్చర్ల బస్టాండు పక్కన వహీద్ అని ఒక మెకానిక్ ఉన్నాడు. ముందు టేపురికార్డర్లు బాగుచేసేవాడు. కాలం మారగానే బోర్డు మీద కంప్యూటర్ బొమ్మ వేయించాడు, స్క్రూడ్రైవర్ మాత్రం పాతదే. కెమెరా మూతి చూసి, దీన్ని యూఎస్‌బీ అంటారని, పాత పెట్టెలకు ఆ బొక్కలుండవని, లోపల ఒక కార్డు బిగిస్తే దాని చివరన రెండు బొక్కలు వెనక్కి వస్తాయని చెప్పాడు. పెట్టెను జడ్చర్లకు తెమ్మన్నాడు. ఎన్నికల ముందు పెట్టె ఊరు దాటితే తన గాలి పోయిందంటారని గుర్వయ్య ఒప్పుకోలేదు. నువ్వే రమ్మన్నాడు. వచ్చే రోజు వారపు అంగడి నాడైతే ఇంకా మంచిదన్నాడు. నలుగురూ చూడాలి కదా. ఆ తర్వాతి చేటంతా అతను ఈ ఒక్క మాటతోనే తెచ్చుకున్నాడు.

అంగడి నాడు డప్పు కొట్టించాడు. సంఘం మెంబర్లంతా గడప అవతల చెప్పులు విడిచి నిలబడ్డారు. వహీద్ ముసుగు లాగి, మరలు విప్పి, రేకు ఎత్తాడు. ఎత్తి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

లోపలంతా పసుపే. ఏళ్ల నుంచి చల్లిన బండారి సందుల్లోంచి దిగి మందంగా పేరుకుంది. కార్డు పెట్టాల్సిన తెల్లటి గాడి కనపడకుండా పూడిపోయింది. వహీద్ వంగి నోటితో ఊదబోయాడు. గడప అవతలి నుంచి ముసలివాళ్లంతా ఒకేసారి వద్దన్నారు. అది దేవుడి బండారి. ఎంగిలి ఊపిరి తగలొద్దు, కింద పడొద్దు, కాలికి అసలే తగలొద్దు. తీస్తే గుడ్డలోకి తీయాలి, తీసింది మనుషుల నొసళ్లకు పోవాలి. అదీ పద్ధతి.

వహీద్ రంగుల కుంచెతో బండారిని తువ్వాలలోకి ఊడ్చి ఇచ్చాడు. గుర్వయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కొక్క ఓటూ తన ముందుకు వచ్చి, తలవంచి, తన చేత్తో బొట్టు పెట్టించుకొని పోతుంటే ఇంకేం కావాలి? ఇన్నేళ్లూ గడప దాటనివ్వని జనాన్ని తనే లోపలికి పిలిచాడు. బొట్టు పెట్టించుకున్నవాళ్లు వెనక్కి పోకుండా పెట్టె చుట్టూ గుమిగూడారు. గోపమ్మ చివరన వచ్చింది.

“పెట్టెకు చెవులు కుట్టిస్తున్నవంట గద మరిదీ,” అంది నొసలు ముందుకు పెట్టి. “బంగారు పోగులు తెచ్చినవా?”

అందరూ నవ్వారు. గుర్వయ్యా నవ్వాడు. నవ్వడం అతనికి ఆ రోజు అదే ఆఖరు.

వహీద్ కార్డును గాడిలో పెట్టి బొటనవేళ్లతో నొక్కాడు. వెనక రెండు పలక బొక్కలు కొత్తగా మెరిశాయి. జనం వంగి చూసి భేష్ అన్నారు. మీట నొక్కాడు. బుర్రుమంది. తెర మీద ఎప్పటిలాగే రెండు వరుసలు వచ్చి నిలబడ్డాయి. గుర్వయ్య గర్వంగా జనం వైపు చూశాడు. వహీద్ ఆ వరుసలు చదివి, పెట్టెలోకి తల దూర్చి, మళ్లీ తెర చూశాడు.

“సాబ్, దీంట్ల హార్డ్ డిస్క్ లేదు,” అన్నాడు.

“గదెందుకు? కార్డు వెట్టినవు గద.”

“పేర్లు, లెక్కలు దాచుకునే జాగా సాబ్ అది. గది లేకుంటే దీనికి ఏం యాదుండది. తెర మీద చూడు, లోపట నాకేం దొరుకుతలేదు, ఏదన్న పెట్టి మీట ఒత్తుమని రాసుంది.”

“మొన్నటిదాంక ఉండె,” అన్నాడు గుర్వయ్య. “పేర్లన్ని నేనే సదివిన.”

వహీద్‌కు ఊరి రాజకీయం తెలియదు, తెలిస్తే నోరు మూసుకునేవాడే. డిస్క్ ఉండాల్సిన ఖాళీ చోటును వేలితో చూపించాడు. ఆ చోటు అడుగున బండారి, గానుగపిండి పరిచినట్టు చదునుగా ఉంది. మొన్నటిదాకా అక్కడ వస్తువుంటే దాని కిందికి పసుపు ఎలా పోతుంది, మీకు ఇచ్చేటప్పుడే పీక్కుని ఇచ్చారు సాబ్, అన్నాడు.

గది నిండా పసుపు నొసళ్లు. అన్నీ గుర్వయ్య వైపు తిరిగాయి. గోపమ్మ బయటికి నడిచింది. గడప అవతల తన చెప్పులు వెతుక్కొని తొడుక్కొంది. ఆ చెప్పులతోనే టపటపా లోపలికి వచ్చి పెట్టె ముందు నిలబడింది.

“మరిదీ, నా పేరు వస్తలేదన్నది గీ పెట్టెనా, నువ్వా?”

గుర్వయ్య పెట్టె వైపు చూశాడు, అదేమైనా చెప్తుందేమోనని. అది బుర్రుమంటూనే ఉంది.

ఎన్నికలో గుర్వయ్యకు ఇంట్లోవాళ్ల ఓట్లు కూడా పూర్తిగా పడలేదంటారు. బీరన్న అధ్యక్షుడయ్యాడు. నీళ్ల తొట్టి మాట తొట్టిలోనే ఎండింది కానీ కంప్యూటర్ మీద అతనికీ మనసు పడింది. వహీద్‌ను పిలిపించి డిస్క్ పెట్టించాడు. గుర్వయ్య కుట్టించిన చెవికి గుర్వయ్య కొన్న ఉల్లిగడ్డనే తగిలించి అందరి ఫోటోలూ తీయించాడు. గుర్వయ్యదీ తీశారు, నోరు తెరిచి ఉన్నప్పుడు.

వానలు పడ్డాయి. గుర్వయ్య గొర్లు నీళ్లలాగా పారుకోవడం మొదలుపెట్టాయి. రెండు రోజులు మందు బయట కొందామనుకొని, తన మందు తనకెందుకు రాదని సంఘానికి పోయాడు. గదికి మళ్లీ సున్నం వేశారు. గడప అవతల చెప్పులు బారుగా ఉన్నాయి. తనవి కూడా విడిచాడు. గోపమ్మ చంకలో మందు సీసాతో ఎదురొచ్చింది.

“పో మరిదీ, నువ్వు చెవులు కుట్టించినంక దానికి అన్నీ మంచిగ ఇనవడుతున్నయి,” అంది.

బీరన్న కూర్చోమనలేదు. ఏవో మీటలు నొక్కాడు, కాసేపు చూశాడు, నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు గుర్వయ్యకు బాగా ఎరుక. అది తనదే.

“ఏం జేయాలె కాకా, నీ పేరు వస్తలేదు. నమ్మకుంటే నువ్వే సదువుకో. నీకు కొత్త గాదు గద.”

తెరను అతనివైపు తిప్పాడు. నోరు తెరిచిన తన ఫోటో, దాని కింద రెండు వరుసల ఇంగ్లీషు. అది ఫోటో కార్డు మీది అడ్రసో, మందు రాదన్న మాటో, మందు వచ్చిందన్న మాటో గుర్వయ్యకు తెలియదు. వెనక గడప దగ్గర జనం చూస్తున్నారు. చదవరాదంటే, మరి ఇన్నేళ్లూ చదివిందేమిటని అడుగుతారు.

గుర్వయ్య వంగి, కళ్లు చికిలించి, ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క అక్షరమూ చూశాడు.

“అవును, లేదు,” అన్నాడు. అని, చెప్పులు చేతిలో పట్టుకొని వానలోకి దిగాడు.