పెట్రోలు బంకు దాకా

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఆ ఉద్యోగంలో ఒక పద్ధతుంది. లిఫ్టు బాగుచేశాక ముందు ఖాళీగా నడిపి చూస్తారు, తర్వాత ఇసుక బస్తాలు వేసి నడుపుతారు, ఆఖరికి గానీ మనుషుల్ని ఎక్కనివ్వరు. మధ్యలో ఏ చిన్న భాగం మార్చినా మళ్ళీ ఖాళీ లిఫ్టు దగ్గర్నుంచి మొదలు. మంచి పద్ధతే, కాదనను. దాన్ని ఇంటికి మోసుకొచ్చి నా నెత్తిన పెట్టడంతోనే వచ్చింది తంటా.

మేమిద్దరం సైకిళ్ళ మీద సముద్రం దాకా వెళ్ళాలనుకున్నాం. అనుకున్నది నేను, తలూపింది ఆయన. అందుకోసమే బండి అమ్మేశాం, బస్సెక్కడం మానేశాం. ఆయన పనికీ సైకిలే, నా బట్టల కొట్టుకీ సైకిలే. కొత్త ప్యాంట్లు కొన్నవాళ్ళకి పొడుగు తగ్గించి కుట్టివ్వడం అక్కడ నా పని. మిగిలిన ఛార్జీలన్నీ ప్రయాణం ఖాతాలో పడ్డాయి.

ఊళ్ళో సైకిలు తొక్కే ఆడదంటే రోడ్డు మీద అందరికీ సొంత మనిషే. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, పక్క కారాయన అద్దం దించి "టైర్లో గాలి తక్కువుందమ్మా" అంటాడు. బస్సు కిటికీలోంచి ఎవరో ఒకావిడ "బ్యాగు జాగ్రత్త" అని అరుస్తుంది. చెవులు చిల్లులు పడేలా హారను కొట్టి నన్ను దాటిపోయినవాళ్ళంతా తర్వాతి సిగ్నల్ దగ్గర బిక్కమొహాలేసుకుని నిలబడి ఉంటారు. వాళ్ళ మధ్యలోంచి మెల్లగా సందు చేసుకుని ముందుకెళ్ళి నిలబడటంలో ఉన్న సుఖం నాకు జీతం అందుకున్నప్పుడు కూడా ఉండదు.

డబ్బు ఎప్పుడో సరిపోయింది. తెమలనివి మా ఆయన పరీక్షలే.

మొదట ఖాళీ సైకిళ్ళతో ఊరి చివర పెట్రోలు బంకు దాకా వెళ్ళి వెనక్కి రావడం. తర్వాత ఇసుక బస్తాలతో. "బరువు అలవాటు కావాలి" అని నా క్యారియరుకి బస్తాలు కట్టి, అలాగే పనికి కూడా పంపేవారు. ఒకరోజు బస్తాకి చిల్లు పడింది. మా గుమ్మం నుంచి కొట్టు గుమ్మం దాకా సన్నటి ఇసుక గీత. మా ఓనరు ఆ గీతని చూసి, నన్ను చూసి, "ఇల్లు కడుతున్నారా?" అని అడిగాడు.

"లేదండీ, సముద్రానికి వెళ్తున్నాం" అన్నాను.

"ఇసుక అక్కడ కూడా ఉంటుంది కదమ్మా" అన్నాడు.

తర్వాత గుడారం పరీక్ష. హాల్లో సోఫా జరిపి గుడారం వేశారు. పొద్దున్నే మా అక్క వచ్చేసరికి మేమిద్దరం అందులోంచి పాక్కుంటూ బయటికొస్తున్నాం.

"ఏమే, గొడవపడ్డారా?" అంది.

"గొడవపడితే ఒకళ్ళే పడుకుంటారు కదక్కా."

"మరి మంచానికేమైంది?"

"దానికేం కాలేదు వదినా, అది టెస్టు పాసయింది" అన్నారు మా ఆయన చాలా సీరియస్‌గా. అక్క వంటింట్లోకెళ్ళి తనే టీ పెట్టుకుంది.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. కానీ అన్నీ అయిపోయాయి, ఇక బయల్దేరడమే అనుకునేసరికి మా ఆయన ఏదో ఒకటి మార్చేవారు. ఒకసారి సీటు, ఒకసారి చైను. భాగం మారింది కాబట్టి మళ్ళీ ఖాళీ సైకిళ్ళు, మళ్ళీ బంకు. ఈమధ్య ఎత్తు ఎక్కుతుంటే నా కుడి మోకాలు టకటకమంటోంది. ఆయనకి చెప్పలేదు. చెబితే దాన్నీ పరీక్షకి పెడతారు. ఈ ఏడు వెళ్ళకపోతే ఇక ఎప్పటికీ వెళ్ళలేనేమోనని నాకు గుబులు పట్టుకుంది.

నా పనిలో కొలత తీసుకున్నాక కత్తెర వేసెయ్యడమే. ఇక్కడా అదే చేశాను. కొట్లో సెలవు పెట్టాను. నేనే మా ఆయన పనిచేసే ఆఫీసుకెళ్ళి ఆయన సెలవు సంగతి సూపర్‌వైజర్ని అడిగితే, దణ్ణం పెట్టినంత పని చేశాడు. "తీసుకెళ్ళండమ్మా, ఆయన సెలవులన్నీ మురిగిపోతున్నాయి" అన్నాడు. అక్కకి తాళంచెవి ఇచ్చాను. ఆదివారం సామానంతా కట్టుకుని, ఎప్పటిలాగే ఇదీ ఒక పరీక్షే అన్నట్టు బయల్దేరాం. ఈసారి బంకు దగ్గర వెనక్కి తిరిగేది లేదని నాకొక్కదానికే తెలుసు.

బంకు వచ్చింది. "సరే, తిరుగుదాం" అని ఆయన హ్యాండిల్ తిప్పారు. నేను తిప్పలేదు.

"ఏమే! ఎక్కడికి?"

"సముద్రానికి."

ఆయన రొప్పుకుంటూ వచ్చి నా ముందు సైకిలు అడ్డం పెట్టారు.

"ఇంటి తాళం?"

"అక్క దగ్గరుంది."

"గ్యాసు?"

"కట్టేశాను."

"నా సెలవు?"

"మీ సూపర్‌వైజరు సంతోషంగా ఇచ్చాడు."

ఆయన వంగి నా వెనక చక్రం వంక చూశారు. చివరికి, "వెనక బ్రేకు వైరు కొత్తది. నిన్ననే మార్చాను. నీకు చెప్పలేదు. మళ్ళీ ఖాళీ సైకిళ్ళ దగ్గర్నుంచి మొదలెట్టాలి కదా?" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పాత వైరుకేమొచ్చింది?"

బంకులో లారీ డ్రైవరొకడు తన డీజిలు సంగతి మర్చిపోయి మా వంకే చూస్తున్నాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. పాతదానికేమొచ్చింది?"

"ఏం రాలేదు" అన్నారు నేలచూపులు చూస్తూ. "సీటుకీ ఏం రాలేదు. చైనుకీ ఏం రాలేదు."

నేను తెల్లబోయాను.

"లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఏం చెయ్యాలో నాకు తెలుసు" అన్నారు మెల్లగా. "ఎక్కడో రోడ్డు మీద నీకేదైనా అయితే ఏం చెయ్యాలో తెలీదు. నాకు భయమే. అది నీకు చెప్పుకోలేక ఏదో ఒకటి విప్పుతూ కూర్చున్నాను."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి నోట భయం అన్న మాట వినలేదు. నా కోపం ఎటు పోయిందో పోయింది.

"నా కుడి మోకాలు చప్పుడు చేస్తోందండీ" అన్నాను. "దాన్ని మీరు మార్చలేరు. ఇంకొన్నాళ్ళు పరీక్షలు చేస్తే సైకిళ్ళు భేషుగ్గా ఉంటాయి, తొక్కడానికి నేనే పనికిరాను. నాకూ భయమే. అయినా వెళ్దాం."

ఆయన చాలాసేపు నా మోకాలి వంక చూశారు. పానా తీస్తారేమోనని హడలిపోయాను. తియ్యలేదు. అడ్డం పెట్టిన సైకిలు తీసి, ముందు చక్రం సముద్రం వైపు తిప్పారు.

కొంచెం దూరం పోయాక రోడ్డు రెండుగా చీలింది. ఇన్నిసార్లు వచ్చినా బంకు దాటి చూసింది లేదు కదా, ఎటెళ్ళాలో నాకు తెలియలేదు. "ఇప్పుడెటు?" అంటూ ఫోను తియ్యబోయాను.

"ఎడమకి" అన్నారాయన తల కూడా తిప్పకుండా. "తర్వాత వంతెన. వంతెన దిగాక గోడౌన్ల పక్కనుంచి కుడికి. అక్కడ గతుకులు, మెల్లగా పోవాలి. తర్వాత మొక్కల నర్సరీ, దానికెదురుగా టీ కొట్టు, బాత్‌రూము శుభ్రంగా ఉంటుందట. ఆపైన పెద్ద ఎత్తు. అక్కడ దిగి నడుద్దాం, తప్పేం లేదు..."

అలా చెప్పుకుంటూనే పోయారు. మలుపు తర్వాత మలుపు, ఎక్కడ నీడ, ఎక్కడ నీళ్ళు, ఎక్కడ పడుకోవాలి, అన్నీ ఎక్కాల్లా అప్పజెప్పి, ఆఖరికి సముద్రం గట్టు దగ్గరికొచ్చి ఆగారు. "అక్కడ మెట్లుంటాయి. సైకిళ్ళు పైనే తాళం వేసుకోవాలి."

ఈ మనిషికి అసలు వెళ్ళాలనే లేదని ఎన్నాళ్ళు కుళ్ళుకున్నానో. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ముక్కు చీదుకుని, ఆయన వెనకే ఎడమకి తిరిగాను.